రెండు సిలిండర్లు, పన్నెండు సెకన్లు

2011లో, తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఉన్న ట్రాఫిక్ సిగ్నళ్ళ బాధ్యత నాకు అప్పగించారు. హోదా అసిస్టెంట్ ఇంజనీరు. పేరు పెద్దదే గానీ, పనల్లా ఏ వైపు దీపం ఎన్ని సెకన్లు వెలగాలో లెక్కగట్టడం, కూడలిలోని ఇనప పెట్టె తెరిచి ఆ అంకె ఎక్కించడం, రిజిస్టరులో సంతకం పెట్టడం.

ర్యాలీ బయల్దేరిందంటే మెయిన్ రోడ్డు మీద బండ్లు కదిలేవి కావు. ఒకరోజు మా సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్.ఈ.), అంటే నాకు మూడు మెట్లు పైఅధికారి, ఫోను చేశారు. సైదాబాద్ వైపు నుంచి వచ్చే అడ్డరోడ్డుకు పచ్చదీపం తగ్గించి, ఆ సమయం మెయిన్ రోడ్డుకు కలపమన్నారు. ఇరవై రెండు సెకన్లున్నదాన్ని పన్నెండు చేశాను. దాని వెనక మూడు సెకన్ల పసుపు. ఆజ్ఞ నోటితో, సంతకం కిందివాడి చేత్తో. మా శాఖలో అదే ఆచారం, నేనూ దానికి అలవాటుపడిపోయాను.

ఆ తర్వాత సమ్మెతో ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. అటకల మీది పాత సైకిళ్ళన్నీ రోడ్డెక్కాయి. సమ్మె ఉన్నా లేకున్నా సైకిలు తొక్కేవాడు యాదయ్య. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి, ఒక గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్లు ఇళ్ళకు చేరవేసే పనిలో ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే సైకిలుకు అటొకటి ఇటొకటి నిండు సిలిండర్లు తగిలించుకుని, ఆ అడ్డరోడ్డు సిగ్నల్ దగ్గర ఆగాడు. పచ్చ పడగానే తొక్కడం మొదలుపెట్టాడు. అవతలి అంచుకు ఇంకో ఆరు మీటర్లుండగా మెయిన్ రోడ్డుకు పచ్చ పడింది. ఒక ప్రైవేటు బస్సు వచ్చి గుద్దింది. కాలు విరిగింది.

కేసు ఎవరి మీదనుకున్నారు? యాదయ్య మీదే. రెడ్ లైటు దాటాడట. కేసు తేలేదాకా పనిలోకి రావద్దని ఏజెన్సీ వాళ్ళు దవాఖానకే కబురు పంపారు. ఆ కూడలి దాటడానికి సైకిలుకు ఆ సమయం చాలుతుందా అని పోలీసులు మా ఆఫీసుకు ఉత్తరం రాశారు. చాలుతుందని మేం రాస్తే అతని పని పోయినట్టే.

మా ఎస్.ఈ. గారు కాగితం అందుకుని అర నిమిషంలో తేల్చేశారు. రోడ్డు వెడల్పు నలభై మీటర్లు, సైకిలు వేగం సెకనుకు ఐదు మీటర్లు, ఎనిమిది సెకన్లు చాలు. "ఇంకా ఏడు సెకన్లు మిగులేనయ్యా, రాసి పంపించు," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ లెక్క ప్రకారం సైకిలుకు కదలడంతోనే పూర్తి వేగం వచ్చేయాలి. ఆగివున్న చక్రం వేగం అందుకోవడానికి పట్టే సమయం అందులో లేనే లేదు. మా ఆఫీసులో తెలంగాణవాళ్ళూ ఆంధ్రవాళ్ళూ ఆ రోజుల్లో టీ దగ్గర కూడా ఒక మాట మీద నిలిచేవాళ్ళు కాదు. సైకిలువాడిదే తప్పు అనే మాట మీద మాత్రం అందరూ ఒక్కటైపోయారు. సిగ్గుచేటు.

కొలిచి చూపిస్తానని పట్టుబట్టాను. ఆదివారం పొద్దున బండ్లు పలచగా ఉన్నప్పుడు పోలీసులు రోడ్డు ఆపారు. క్రీడల కోటాలో చేరిన ఒక కానిస్టేబుల్‌ను, కొత్త సైకిలును తెచ్చారు. అతను తొమ్మిది సెకన్లలో దాటేశాడు. ఎస్.ఈ. గారు నా వంక చూసి నవ్వారు.

యాదయ్యతో పనిచేసే మల్లయ్యను నేను పిలిపించాను. యాభై దాటిన మనిషి. "ఖాళీ సైకిల్ మీద ఎవడైనా ఉరుకుతడు సారు. గీ రెండు బుడ్లు కట్టి తొక్కమనుండ్రి," అన్నాడు. నిండు సిలిండర్లు రెండూ కలిపి అరవై కిలోల దాకా ఉంటాయి. కట్టాం. కానిస్టేబుల్ రెండు తొక్కులు తొక్కేసరికి హ్యాండిల్ వంకర తిరిగి కాలు కింద పెట్టేశాడు. మల్లయ్య అతని చేతిలోంచి సైకిలు తీసుకుంటూ, "మొదటి నాలుగు తొక్కులు కాళ్ళతోని కాదు బిడ్డా, నడుముతోని తొక్కాలె," అన్నాడు.

స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది. మొదటి పది మీటర్లకే ఏడు సెకన్లు పట్టింది. ఆ తర్వాత వేగం అందుకున్నాడు. మొత్తం పదిహేడు. మూడుసార్లు తొక్కించినా అంతకు తగ్గలేదు. పచ్చా పసుపూ కలిపి మేమిచ్చింది పదిహేను.

ఆ సాయంత్రమే నోట్ రాశాను. యాదయ్య పచ్చలోనే బయల్దేరాడు, సమయం చాలలేదు, ఆ సమయం తగ్గించింది నేను, ఫలానా వారు ఫోనులో చెబితే. ఈ చివరి ముక్క తీసేయమని ఎస్.ఈ. గారు మెల్లగా చెప్పారు. తీయలేదు.

యాదయ్య మీద కేసు ఎత్తేశారు, ఏజెన్సీ మళ్ళీ పనిలోకి తీసుకుంది. పచ్చ మళ్ళీ ఇరవై రెండైంది. నాకు మాత్రం మెమో వచ్చింది. రాతపూర్వక ఆజ్ఞ లేకుండా సిగ్నల్ సమయం ఎందుకు మార్చారో వారం లోపల సంజాయిషీ ఇవ్వమని. కింద సంతకం ఫోను చేసినవారిదే.

ఎంత తిట్టుకున్నా ఆ మెమోలో ఒక మాట నిజం. రాతలో లేని ఆజ్ఞను నేను అమలు చేయకుండా ఉండాల్సింది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా కాగితం లేనిదే ఏ పెట్టె తాళమూ తీయలేదు. ఏ కూడలిలోనైనా ముందు బరువు మోసే సైకిలును నిలబెట్టి, అది కదలడానికి పట్టే సమయాన్నే కొలిచాను. యాదయ్య కుంటుతూనే సైకిలెక్కాడు. రిజిస్టరులో ఆ పన్నెండు పక్కన ఉన్న సంతకం మాత్రం నాదే.