పట్టుదిండు పడ్డ కష్టాలు

మా అక్క మొగుడు నాకు ఇంట్లో బావ, కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్. కాలేజీ కట్టించింది మా పెదనాన్న, అంటే ఆయనకు స్వయానా మామగారు. అందుకని స్టాఫ్ రూములో నాతో సహా అందరికీ చెక్క కుర్చీలు, అల్లుడుగారికి మాత్రం దిండు వేసిన కుర్చీ. కొన్నాళ్ళకు పెదనాన్న కాలేజీని అమ్మేశాడు. కొత్త ఛైర్మన్ వచ్చి గోడల రంగు మార్చాడు, గేటు మీది బోర్డు మార్చాడు, ప్రిన్సిపాల్‌ను కూడా మార్చాడు. బావ కుర్చీ మాత్రం అక్కడే ఉంది, దిండుతో సహా.

ఆయన చెప్పే పాఠాల్లో ఒక నాటకం ఉంది. రాజుగారి మేడలో కుర్చీలూ బల్లలూ తిరగబడి రాజును తరిమేస్తాయి. ఖాళీ అయిన సింహాసనం మీదికి ఇనప్పెట్టె ఎక్కి కూర్చుంటుంది. ఇదేం న్యాయమని అడిగిన ముక్కాలిపీటను విరగ్గొట్టి పొయ్యిలో పెడతారు. ఇదంతా మన రాజకీయాల గురించేనని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. బావకు మాత్రం పీటా పట్టదు, పెట్టే పట్టదు. ఆయన ప్రాణమంతా సింహాసనం మీది పట్టుదిండు మీదే. నాటకం మొత్తంలో దానికున్నది ఒక్కటే మాట: "ఎవరు కూర్చున్నా బరువు మోసేది నేనే కదా!"

ఆ ఒక్క మాట మీద ఆయన వారం రోజులు లాగేవారు. "చిన్న పాత్రేగా అని తీసిపారేయకండి. దిండు సున్నితమైన మనసులకు ప్రతీక. రాజు కిందా నలిగింది, పెట్టె కిందా నలిగింది. అసలు త్యాగమంటే దానిది!" అంటూ కళ్ళు ఒత్తుకునేవారు. ఆ దిండును ఎండలో వేసి దులిపేందుకు నౌకర్లున్నారని, తిరుగుబాటు రోజున అది చేసిందల్లా కిందపడకుండా చూసుకోవడమేనని అదే పుస్తకంలో ఉంది. ఆ పేజీ ఎందుకో ఆయన కంటికి ఆనలేదు. పిల్లలు ఆయనకు దిండు సార్ అని పేరు పెడితే మురిసిపోయారు కూడా.

ఇంతలో లాబ్ అసిస్టెంట్ గొడవ వచ్చిపడింది. ఆ అమ్మాయి కాన్పుకు సెలవు అడిగిన రోజున ప్రిన్సిపాల్ ఊళ్ళో లేడు. "నిశ్చింతగా వెళ్ళిరామ్మా, నేను చూసుకుంటాగా" అని బావే నా ఎదురుగా అన్నారు. చంటిబిడ్డతో తిరిగొచ్చేసరికి, చెప్పకుండా మానేసిందని ఆమె ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. మొగుడికి పనిలేదు, ఇల్లు గడిచేది ఆ ఉద్యోగం మీదే. స్టాఫంతా కలిసి ఛైర్మన్ గదికి వెళ్ళాం.

"సెలవు ఎవరిచ్చారు?" అన్నాడు ఛైర్మన్.

అందరం బావ వైపు తిరిగాం. ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"మీరే కదా సార్ వెళ్ళిరమ్మన్నారు?" అంది ఆ అమ్మాయి.

"నేనక్కడే ఉన్నాను, విన్నాను కూడా" అన్నాను నేను.

"మీరు కాదమ్మా, ఆయన చెప్పాలి" అన్నాడు ఛైర్మన్.

"క్షేమంగా వెళ్ళిరమ్మని దీవించి ఉంటాను. దాన్ని సెలవు అనొచ్చో లేదో మరి... మీరే చెప్పాలి" అంటూ బావ నీళ్ళు నమిలారు.

"దీవెనలకు ఉద్యోగాలివ్వలేం కదండీ" అని ఛైర్మన్ లేచాడు.

ఆ అమ్మాయి బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం కడిగేద్దామనే వాళ్ళింటికి వెళ్ళాను. బావ మంచం మీద పడుకుని ఉన్నారు, అక్క ఆయన నుదుటికి బామ్ రాస్తోంది.

"నీకేం తెలుసు మరదలా! అటు ఆ పిల్ల, ఇటు ఛైర్మను, మధ్యలో నేనెంత నలిగిపోయానో" అన్నారు నీరసంగా.

"బావా, దిండు నలిగితే దులిపి మళ్ళీ అక్కడే వేస్తారు. పీట విరిగితే పొయ్యిలో పెడతారు" అన్నాను.

ఆయన గభాలున లేచి కూర్చున్నారు. అక్క చెయ్యి ఆగిపోయింది. పోనీలే, ఇన్నాళ్ళకైనా తగిలింది అనుకున్నాను.

"అబ్బ, ఎంత గొప్ప పాయింటు! ఇన్నేళ్ళుగా నాకు తట్టనే లేదు. ఏమే, ఆ పెన్ను ఇలా అందుకో!"

మర్నాడే ఆ పాయింటు క్లాసులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు పక్కనున్న లాబ్‌లోంచి కొత్తగా చేరినమ్మాయి తొంగి చూసింది. ఈసారి పరీక్షలో దాని మీద ఒక ప్రశ్న కూడా ఇచ్చారు, అయిదు మార్కులకు.