మూడో ప్రకటన

శిక్షణ కేంద్రం గేటు ముందు ట్రక్కు దిగేసరికి పొద్దున ఆరున్నర. జూన్ నెల. రాజస్థాన్. అప్పటికే చెప్పుల్లోంచి నేల వేడి తెలుస్తోంది. నా దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. అందులో రెండు జతల బట్టలు, బైబిలు, పది ఇన్‌లాండ్ కవర్లు. గేటు దగ్గర హవల్దారు పెట్టె తెరిపించాడు. కవర్లు చూసి నవ్వాడు.

"పెళ్లయిందా?" అన్నాడు హిందీలో.

"లేదు సాబ్."

"అయితే ఇక్కడ సంతకం పెట్టు."

అది ఇంగ్లిషు కాగితం. నాకు పెళ్లి కాలేదని, శిక్షణ పూర్తయ్యేవరకు చేసుకోనని, మాట తప్పితే ఇంటికి పంపేయవచ్చని దాని సారం. చదవకుండానే పెట్టేశాను. ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో ఉన్నవాడు కాగితాలు చదువుతాడా అండీ? ఎనిమిదింటికి గుండు గీశారు. తొమ్మిదింటికి కిట్టు ఇచ్చారు. రెండు జతల బూట్లు, నాలుగు జతల మేజోళ్లు, రెండు కంబళ్లు, ఒక మగ్గు, ఒక పళ్లెం. పదింటికి ఎండలో నిలబెట్టారు.

మా దివిసీమలో ఇప్పటికీ జనం అడుగుతుంటారు. "సరిహద్దులో చేశారంట కదా, ఎంతమందిని కాల్చారు ప్రభుదాసు గారూ?" అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. ఆ ఏడాది నేను చేసిన పెద్ద పని ఉత్తరాలు రాయడం. అదీ సరిగ్గా చేతకాలేదు.

నాలుగున్నరకు విజిల్. ఐదుంబావుకి పరుగు. ఏడున్నరకు లంగర్‌లో పూరీ, టీ. ఎనిమిది నుంచి పరేడ్. మధ్యాహ్నం ఆయుధాల క్లాసు. ఆదివారం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం మా సమయం మాది. అందరూ బట్టలు ఉతుక్కునేవారు. నేను మంచం మీద పెట్టె పెట్టుకుని, దానిమీద కవరు పరిచి శాంతకు రాసేవాణ్ణి.

శాంతది బందరు పక్కన చిలకలపూడి. రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు పొదిగే పని. నేను గుడివాడలో ఐటీఐ చదివేటప్పుడు శనివారం యవ్వనస్థుల కూటానికి ప్యాసింజర్ రైల్లో వచ్చేది. వాళ్ల పిన్ని ఇల్లు గుడివాడలోనే. కూటంలో అందరూ బ్రదర్లు, సిస్టర్లు. ఆరు నెలలు నన్ను "ప్రభుదాసు బ్రదర్" అనే పిలిచింది. ఒక సాయంత్రం రైలెక్కబోతూ, "నిన్ను ఇంక బ్రదర్ అనలేను. నాకు నోరు రావట్లేదు," అంది. నేను రైలు కదిలేదాకా అలాగే నిలబడిపోయాను. అదీ మా ప్రేమకథ మొదలు.

ఉత్తరాలు పిన్ని గారి ఇంటికి రాసేవాణ్ణి. ఆవిడ మిషను కుట్టుకుంటూ ఒంటరిగా ఉండే మనిషి. శనివారం శాంత వెళ్లి తీసుకునేది. నేను రాసేవన్నీ ఒకే తీరు. నాలుగున్నరకు లేచాను. పది కిలోమీటర్లు పరుగెత్తాను. కుడి మడమ మీద పొక్కు లేచింది. రేంజ్‌లో ఐదు తూటాల్లో నాలుగు తగిలాయి. శాంత ఒకసారి ఇలా రాసింది: "నేనేమన్నా మీ సుబేదారునా, రోజూ నాకు రిపోర్టు ఇవ్వడానికి? నీ మడమ సంగతి సరే, మనసు సంగతి ఒక్క ముక్క రాయకూడదూ?" ఆ ఆదివారం రెండు గంటలూ కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు. చివరికి పొక్కు తగ్గిందని రాశాను. ఇప్పుడు ఇది రాస్తున్నా అదే తంతు. పుట్టుకతో వచ్చింది పుడకలతోగానీ పోదంటారు కదా.

డిసెంబరులో సైన్యం మొత్తం సరిహద్దుకు కదిలింది. యుద్ధం వస్తుందన్నారు. సెలవులు రద్దు. గేటు దగ్గర ఎస్‌టీడీ బూత్ మూసేశారు. మా శిక్షణ నెల ముందే ముగించి యూనిట్లకు పంపుతామన్నారు. పొద్దున పరేడ్, మధ్యాహ్నం నుంచి స్టేషన్లో మందుగుండు పెట్టెలు ఎక్కించడం. పెట్టె నలభై కిలోలు. చలికి చేతివేళ్లు పగిలేవి. రైళ్లన్నీ మిలటరీవి. నాలుగు రోజుల్లో అందే ఉత్తరానికి తొమ్మిది రోజులు పట్టేది.

జనవరి చివరి బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకు శాంత ఉత్తరం వచ్చింది. లంగర్ లైన్లో నిలబడే చదివాను.

వాళ్ల నాన్నగారు సంబంధం ఖాయం చేశారు. బంటుమిల్లి అబ్బాయి. మా గుళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు ప్రకటన చదువుతారు. ఫలానా వారికి, ఫలానా వారికి వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని. రాబోయే ఆదివారమే మొదటి ప్రకటన. శాంత నా సంగతి వాళ్ల నాన్నగారికి చెప్పేసింది. ఆయన సంఘ పెద్ద. మాట కటువుగా ఉన్నా న్యాయం తప్పని మనిషి. "యుద్ధానికి పోయేవాడికి పిల్లనెట్టా ఇవ్వమంటావే? సరే. వాడికి నిజంగా మనసుంటే అయ్యగారి పేర అభ్యంతరం రాసి పంపమను. మూడో ప్రకటన లోపు వస్తే నేనే లేచి ఆపేస్తాను. రాకపోతే మాత్రం నువ్వింక నోరెత్తకూడదు," అన్నారట. శాంత ఒప్పుకుంది. నామీద అంత నమ్మకం దానికి.

"ఒక్క లైను చాలు," అని రాసింది. "ఈ అమ్మాయిని నేను చేసుకుంటాను అని రాయి, సంతకం పెట్టు. వాళ్లు లెంట్ మొదలయ్యేలోపే పెళ్లి అయిపోవాలంటున్నారు. ఆలస్యం చేయకు."

నేను ఆలస్యం చేశాను.

ఎందుకంటారా? భయం. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ భయమే. ఆ సాయంత్రం కంపెనీ క్లర్కు దగ్గరికి వెళ్లాను. ఆయనది శ్రీకాకుళం. ఆ కేంద్రం మొత్తానికి నాకు తెలుగు మాట్లాడే దిక్కు ఆయనొక్కడే.

"ఏటి తమ్ముడూ, మతి పోయిందేటి నీకు?" అన్నాడు. "గేటు కాడ సంతకం ఎట్టావు కదా, పెళ్లి మాటెత్తనని? ఇప్పుడు చేసుకుంతానని రాసి సంతకం ఎడతావా? ఈ గొడవల్లో ఉత్తరాలు ఇప్పి చూస్తన్నారు. ఎవుడి కంటైనా పడితే ఇంటికి తోలేస్తారు. నెల్రోజులు ఓపిక పట్టు."

చేసుకుంటానని రాయడం వేరు, చేసుకోవడం వేరు. ఆ మాత్రం నాకు తట్టలేదు. ఆయనకూ తట్టలేదు. ఆయన్ని అని ఏం లాభం? నా మేలు కోరే చెప్పాడు. ఉద్యోగం పోతే మళ్లీ నాగాయలంక రేవులో మూటలు మోయాలి. అది ఆలోచిస్తూ గురువారం గడిపాను. శుక్రవారం గడిపాను. శనివారం పన్నెండు కిలోమీటర్ల నడక, వీపున ఇరవై కిలోల బరువు.

ఆదివారం మమ్మల్ని రేంజ్‌కి తీసుకెళ్లారు. పదిన్నరకు నా వంతు. బోర్లా పడుకున్నాను. చిలకలపూడి గుళ్లో ప్రకటనలు చదివే సమయం అదే. ఐదు రౌండ్లూ మట్టిదిబ్బలోకి పోయాయి.

కాల్పులు నేర్పే ఉస్తాద్ నా పక్కన కూర్చున్నాడు. "దాస్, నువ్వు టార్గెట్ వైపు చూస్తున్నావా, మీ ఊరి వైపు చూస్తున్నావా?"

"ఊరి వైపు, ఉస్తాద్."

నాలుగు పీకుతాడనుకున్నాను. పీకలేదు. "అయితే వెళ్లి ఊరి పని ముందు ముగించుకో," అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండింటికి రాశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. 'అయ్యగారికి నమస్కారములు. చిలకలపూడి శాంతను నేను వివాహం చేసుకుంటాను. కనుక చదువుతున్న ప్రకటనకు నాకు అభ్యంతరం ఉన్నది.' కింద సంతకం, నంబరు, ర్యాంకు. శాంతకు వేరే ఉత్తరం. అందులో మొదటిసారి మనసు సంగతి రాశాను. ఏం రాశానో ఇక్కడ చెప్పను. అది ఆమెది.

సోమవారం పొద్దున పోస్టు డబ్బాలో ఉత్తరాలు తీశారు. లెక్క వేసుకున్నాను. తొమ్మిది రోజులు. వచ్చే బుధవారానికి అందుతుంది. మూడో ప్రకటన ఆ తర్వాతి ఆదివారం. నాలుగు రోజులు మిగులు. ఆ లెక్కతో నా గుండె కుదుటపడింది.

లెంట్ గురించి ఆలోచించలేదా అంటారు మావాళ్లెవరైనా వింటే. ఆలోచించాను. లెంట్ అంటే ఈస్టరుకు ముందు శ్రమదినాలు, ఆ నలభై రోజులూ మాలో పెళ్లి చేయరు. అవి ఏ తేదీకి మొదలవుతాయో ఏటేటా మారుతుంది. ఇంట్లో అయితే గోడకు సంఘం క్యాలెండరు ఉంటుంది. బ్యారక్ గోడకు డ్యూటీ చార్టు ఉంది. ముందటేడు ఫిబ్రవరి నెలాఖరున మొదలయ్యాయి కదా, ఈసారీ అంతే అనుకున్నాను. పక్క మంచం బీహారువాణ్ణి అడిగితే ఏం తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం గుడికి వెళ్లినవాణ్ణి. అది ఎప్పుడో తెలియకుండా కూర్చున్నాను, వెధవని.

ఫిబ్రవరి ఆఖరి వారం, శిక్షణ ముగిసి ప్రమాణం చేసే కసమ్ పరేడ్ అయింది. మర్నాడే ట్రక్కెక్కించారు. మా పోస్టు ఇసుక దిబ్బల మధ్య. నలుగురం. నేల తవ్వి, పైన రేకులు వేసి, రేకుల మీద ఇసుక బస్తాలు పేర్చిన బంకరు. ఒక ఫీల్డ్ టెలిఫోను. గంటగంటకూ ప్లటూన్‌కి రిపోర్టు ఇవ్వాలి. ఆ రోజుల్లో నేను ఎంత హుషారుగా ఉన్నానో తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. ప్రకటన ఆగిపోయిందనే నా నమ్మకం. పోస్టు కమాండర్ నాయక్‌కి అడక్కుండానే చెప్పాను, సెలవు దొరగ్గానే పెళ్లని. ఆయన రోజూ చాయ్ తాగుతూ "దూల్హే రాజా" అని ఏడిపించేవాడు.

మార్చి రెండో వారం. పొద్దున పదకొండుకు రేషన్ ట్రక్కు వచ్చింది. నీళ్ల డ్రమ్ము, ఉల్లిపాయలు, ఉత్తరాల సంచి. నాకొక ఇన్‌లాండ్ కవరు. పిన్ని గారి చేతిరాత. శిక్షణ కేంద్రం మీదుగా తిరిగి వచ్చింది.

'నాయనా ప్రభుదాసూ, శాంతకు భస్మ బుధవారం ముందు రోజు పెళ్లయిపోయింది. ఇక ఈ ఇంటికి ఉత్తరాలు రాయకు. నీ ఆరోగ్యం జాగ్రత్త.'

రెండుసార్లు చదివాను. మూడు లైన్లకు రెండుసార్లు చాలు.

"ఇంట్లో అంతా బాగేనా దూల్హా?" అన్నాడు నాయక్.

"బాగే సాబ్."

టెలిఫోను మోగింది. పన్నెండు గంటల రిపోర్టు. నాదే డ్యూటీ.

"రెండో పోస్టు, రిపోర్టు చెప్పు."

"రెండో పోస్టు. అంతా క్షేమం."

"గొంతేంటి అలా ఉంది? మళ్లీ చెప్పు."

"అంతా క్షేమం," అన్నాను మళ్లీ. రిసీవర్ పెట్టేసి, రైఫిల్ తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నాయక్ మిగతా ఇద్దర్నీ బయటికి పంపేశాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు.

యుద్ధం రాలేదు. ఎనిమిది నెలలు ఇసుకలో కూర్చుని వెనక్కి వచ్చాం. నవంబరులో సెలవు దొరికింది. విజయవాడలో దిగి, ఇంటికి కాకుండా నేరుగా బందరు బస్సెక్కాను. యూనిఫారంలోనే వెళ్లాను. చిలకలపూడి అయ్యగారు తమ ఇంటి వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు.

"నీ ఉత్తరం వచ్చింది బాబూ," అన్నారు. "భస్మ బుధవారం, ఆరాధన అయ్యాక పోస్టుమ్యాను తెచ్చిచ్చాడు. పెళ్లి మంగళవారం అయిపోయింది."

"మూడో ప్రకటన ఆ పై ఆదివారం కదండీ?"

"ఆ యేడు లెంట్ ముందే వచ్చింది కదా బాబూ. మగపెళ్లివారు ఆగేది లేదన్నారు. రెండో ప్రకటన పొద్దున ఆరాధనలో, మూడోది అదే రోజు సాయంత్రం ఆరాధనలో చదివాను. చదివే ముందు శాంత వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి అడిగాడు, ఏమన్నా ఉత్తరం వచ్చిందా అయ్యగారూ అని. లేదన్నాను. బుధవారం నీ ఉత్తరం ఆయనకి చూపించాను. మడిచి తిరిగి ఇచ్చేశాడు. అమ్మాయికి చెప్పొద్దన్నాడు."

శాంతకు ఇప్పటికీ తెలియదన్నమాట, నేను రాశానని. ఆమెకు రాసిన ఉత్తరం కూడా పిన్ని గారి దగ్గరే ఉండిపోయింది. బుధవారం చదివినవాణ్ణి అదే రోజు రాసి ఉంటే శుక్రవారానికి అందేది. ఐదు రోజులు. ఈ ఇరవై ఏళ్లలో ఆ లెక్క ఎన్నిసార్లు వేశానో. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

తర్వాత నాకూ పెళ్లయింది. నా భార్యకు ఇదంతా తెలుసు. "పాపం ఆ పిల్ల," అంటుంది. నన్ను మాత్రం పాపం అనదు. సరిగ్గానే అంటుంది.

అయ్యగారిని కలిసిన ఆ రోజే బందరు నుంచి గుడివాడ వెళ్లాను. పిన్ని గారు మిషను ఆపి, మంచినీళ్లిచ్చారు. ఎలా జరిగిందని అడిగాను. ఆవిడ ఆ ఆదివారం గుళ్లో శాంత పక్కనే కూర్చున్నారట.

"పొద్దున ప్రకటనకి అది తొణకలేదు, బెణకలేదు. సాయంత్రం అయ్యగారు మూడోది చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి అన్నారు. అందరూ తలొంచుకుని ఉన్నారు. ఇది మాత్రం వెనక్కి తిరిగింది నాయనా. నేను మోచెయ్యి పట్టుకుని లాగినా ఇటు తిరగలేదు."

ఆ దృశ్యం నేను చూడలేదు. కానీ చూసినవన్నీ మాసిపోతున్నాయి. ఇసుక దిబ్బలు, బంకరు, ఉస్తాద్ ముఖం కూడా. ఇది మాత్రం పోవడం లేదు. సాయంత్రం ఆరు దాటింది. గుళ్లో ట్యూబులైట్లు వెలిగాయి. ఆడవాళ్ల వైపు, నాలుగో వరసలో, తల మీద చీర కొంగు కప్పుకుని శాంత. అందరూ ముందుకు తిరిగి ఉన్నారు. ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి, అయ్యగారు పుస్తకం మూసేదాకా, తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తోంది.