ఎల్లస్వామి వేసిన మార్కులు

నార్కట్‌పల్లి చౌరస్తాలో ఎల్లస్వామి చాయ్ హోటల్ గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. ప్రతి శుక్రవారం కొత్త సినిమాకు దాని మీద సుద్దముక్కతో మార్కులు వేసేవాడు. ఏ ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. చాయ్ తాగే డ్రైవర్ల మాటలే ఆధారం. ఎవరైనా అడిగితే మాత్రం, "మొదటి ఆటే సూసిన" అనేవాడు.

ఒక వారం అయిదుకు ఒకటిన్నర వేశాడు. మర్నాడు, పక్కన జామకాయలమ్మే అండాలు బోర్డు చూసి వచ్చింది.

"అన్నా, నిజంగ సూసినవా? గా సినిమాల సావు కాడ ఏడ్సేది నేనే. షూటింగుకు మా ఊరోళ్లను తీస్కపోయిన్రు. మంచిగ ఏడ్సిన్నా?"

చూడలేదంటే ఇన్నేళ్ల బోర్డంతా అబద్ధమైపోతుంది. ఎల్లస్వామి తలెత్తకుండా గ్లాసులు కడుగుతూ, "మస్తు ఏడ్సినవ్ చెల్లె" అన్నాడు.

అండాలు ముఖం వెలిగిపోయింది. "మా బిడ్డ నిన్న సూసొచ్చి, గా ముక్క తీసేసిన్రన్నది. పోరి సరిగ సూడలే! నువ్వెందుకు అబద్ధమాడుతవ్?"

గంప మీద గోనెపట్టా కప్పి, మధ్యాహ్నం ఆటకని నల్లగొండ బస్సెక్కింది.

నిజం చెప్పేద్దామని ఎల్లస్వామి తడిచేతులతోనే బస్సు దాకా పరుగెత్తాడు. కిటికీలోంచి ఆమె చెయ్యి ఊపింది. తనూ ఊపాడు.