అందరి ముందు అడిగిన మాఫీ

"అక్కా, మన టీచర్ పోయిండ్రంట" అని ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. ఏ టీచర్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ టీచర్ అంటే ఒక్కరే. కరీంనగర్‌కు అవతల, మరమగ్గాల చప్పుడు ఆగని మా చిన్న ఊళ్ళో, ప్రాథమిక పాఠశాలలో మాకు చదువు చెప్పిన ఆమె.

ఆమె తరగతిలోకి వచ్చేముందు గుమ్మం దగ్గర ఆగేవారు. "లోపలికి రావొచ్చా?" అని మూడో తరగతి పిల్లలమైన మమ్మల్ని అడిగేవారు. మా అనుమతి అడిగిన పెద్దవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. "రాండ్రి టీచర్" అని గొంతు చించుకునేవాళ్ళం. నీతి పాఠం అంటూ ఆమె విడిగా చెప్పినట్టు నాకు గుర్తు లేదు. ఎవరైనా కొట్లాడుకుంటే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "నీ సంగతి తర్వాత. వాడు ఏమంటున్నడో జర నువ్వు చెప్పు" అనేవారు. అవతలివాడి మాట మన నోటితో చెప్పేసరికి సగం కోపం పోయేది.

ఒంటిపూట బడుల రోజుల్లో ఒకనాడు వరండాలో నీళ్ళ కుండ పగిలింది. చేతిలో గ్లాసుతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆమె ఆ రోజు ఎందుకో చిరాకుగా ఉన్నారు. "కండ్లు కనవడ్తలేవా? ఇంతమంది పిల్లలు ఏం తాగాలె?" అని అందరి ముందు కోప్పడ్డారు. నేను వెళ్ళేసరికే కుండ పగిలి ఉంది. ఆ మాట చెప్పకుండానే గ్లాసు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాను. ఇంటికి వచ్చి, ఇక బడికి పోనని మొండికేశాను.

"పోకుంటే మానె. తమ్మున్ని ఎత్తుకొని కూసో" అంది అవ్వ, బీడీలు చుడుతూనే. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. మా వీధిలో అట్లా చదువు ఆగిపోయిన ఆడపిల్లలు చాలామందే ఉన్నారు.

కుండను పడేసింది కోతులని మర్నాడు బడిలో వంట చేసే ఆమె టీచర్‌తో చెప్పిందట. ఆ మధ్యాహ్నమే టీచర్ ఎండలో మా ఇంటికి వచ్చారు. బువ్వ తింటున్న బాపు కంగారుగా లేచాడు.

"గింత దానికి ఎండల పడి వచ్చిండ్రా టీచర్? పిల్లను ఒక మాట అంటే ఏమైతది?"

"చెయ్యని తప్పుకు తిట్టిన గద" అన్నారామె. తర్వాత తలుపు చాటునున్న నావైపు తిరిగారు. "బిడ్డా, నిన్ను అడగకుండనే తిట్టిన. తప్పు నాదే. రేపు బడికి రా."

"అందరి ముంగట తిట్టిండ్రు" అన్నాను నేను.

బాపు నన్ను గదమాయించబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు.

"అవును. మాఫీ గూడ అందరి ముంగటనే అడుగుత."

మర్నాడు ప్రార్థన అయ్యాక నన్ను పక్కన నిలబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పారు. హెడ్మాస్టరు నేల చూపులు చూస్తున్నారు. నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. ఏం చెయ్యాలో తెలియక ఆమె కొంగు పట్టుకున్నాను.

ఆ తర్వాత మా తరగతిలో ఏది విరిగినా, ఏది పోయినా చేసినవాళ్ళే వచ్చి చెప్పడం మొదలైంది. టీచరే ఒప్పుకున్నాక మాకేం భయం? నేను బడి మానలేదు. ఇప్పుడు మంచిర్యాలలో నేనూ చిన్నపిల్లలకే పాఠాలు చెబుతున్నాను. పిల్లల మీద నోరు లేవబోయినప్పుడు, ముందు అడగాలి కదా అని చాలాసార్లు ఆగిపోతాను.

ఆమెను చివరిసారి చూసింది కరీంనగర్ బస్టాండులో. నేను ఎక్కిన బస్సు కదలబోతుండగా కిటికీలోంచి కనబడ్డారు. బెంచీ మీద ఆమె పక్కన ఎవరో చిన్నపాప కమలాపండు ఒలుస్తోంది. తొక్క సరిగా రావడం లేదు, రసం మోచేతుల దాకా కారుతోంది. టీచర్ ఆ పండును అందుకోలేదు, ఎట్లా ఒలవాలో చెప్పనూలేదు. ఒక తొన ఇస్తానని పాప మాట ఇచ్చినట్టుంది. అరచెయ్యి చాపి, తొందర లేకుండా కూర్చున్నారు.