చెలకలో గూటాలు

మొన్న మా వాడలో మురికినీళ్ల మోరీ కోసం సున్నం గీత గీశారు. చిన్నప్పుడు నెల్లికుదురు దగ్గర మా చెలకలో గీసిన గీత యాదికొచ్చింది.

అది తెలంగాణ కొట్లాట జోరుమీదున్న ఏడు. వానకు మట్టి కొట్టుకుపోకుండా చెలకకు అడ్డంగా గట్లు పోయించడానికి కోస్తా నుంచి ఒక సర్కారు సారు వచ్చాడు. దుక్కి కూడా వాలుకు అడ్డంగానే దున్నాలన్నాడు.

"మా తాత నిలువు దున్నిండు. గిప్పుడు నువ్వొచ్చి నేర్పుతవా, సారూ?" అన్నాడు బాపు.

"ఈయనేమంటున్నాడో ఎవరైనా తెలుగులో చెప్పండయ్యా!" అని సారు నవ్వాడు.

బాపు మొహం మాడిపోయింది. అయినా మట్టి మీది ఆశతో, "సరే, గీ ఒక్క ఏడు చూస్త" అన్నాడు. సారు సున్నం గీసి, గీత పొడుగునా కొయ్య గూటాలు పాతించి పోయాడు.

మన భూములు ఆంధ్రోళ్లు గుంజుకుంటున్నారని రోజూ వింటున్నదాన్ని. గీత అవతలి చెలక ఇక సారుదేననుకున్నాను. తెల్లారి పోయి గీత కాలితో చెరిపేసి, గూటాలన్నీ పీకి బావిలో పడేశాను.

మధ్యాహ్నం కూలీలతో వచ్చిన సారు బాపు మీద మండిపడ్డాడు. "ఇష్టం లేకపోతే నోటితో చెప్పాలి. పీకేస్తావా?"

"మాటిచ్చి పీకెటోణ్నా నేను? నీ మనుషులే పీకిండ్రు!"

సారు వెళ్లిపోయాడు. గట్టు పడలేదు. మొదటి పెద్దవానకే జొన్న మొలకలతో సహా మట్టి వాగులోకి పోయి, చెలకంతా రాళ్ల మొరం తేలింది.

మరుసటేడు బాపు తనంతట తానే అడ్డంగా దున్నాడు, సాలు సాలుకూ సారును తిట్టుకుంటూ. చనిపోయేదాకా తిడుతూనే ఉన్నాడు. పక్కన కూర్చుని నేనూ ఊ కొట్టేదాన్ని.