చివరి అక్షరం వెనక

ఆ కాలేజీ స్టేడియం పేరును ఏ కంపెనీ కొనుక్కుంటే ఆ కంపెనీ పేరు గోడకెక్కుతుంది. రియాద్ ఎండలో దాన్ని ఎక్కించేది జగిత్యాల లింబాద్రి. మెడకు తువ్వాల, పళ్ల మధ్య బోల్టులు. క్రేన్ బుట్టలో నిలబడి, మనిషంత అక్షరాన్ని పసిపిల్లలా పొదివి పట్టుకుంటాడు. అది ఏ అక్షరమో అతనికి తెలియదు, వెనక వేసిన నంబరే గుర్తు. ఐదేళ్ల కింద జోడీగా పనిచేసిన షరీఫ్ ఒక అలవాటు పెట్టాడు. చివరి అక్షరం వెనక తెలుగులో ఇద్దరి పేర్లూ రాయడం. "ఎవని పేరు వాడే రాసుకుంటే ఏముంటదే? నాది నువ్వు రాయి, నీది నేను రాస్త" అనేవాడు.

షరీఫ్ నిరుడు ఎగ్జిట్ తీసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఇవాళ స్టేడియం పేరు కొన్న పాత కంపెనీ గడువు తీరింది. లింబాద్రి చివరి అక్షరాన్ని విప్పి వెనక్కి తిప్పాడు. దుమ్ము కింద రెండు పేర్లూ చెక్కుచెదరలేదు. తన పేరులో షరీఫ్ పెట్టిన వంకర దీర్ఘాన్ని బొటనవేలితో తడిమి, ఆ అక్షరాన్ని తుక్కులోకి దించాడు. "జల్దీ కరో, భాయ్!" కింద నుంచి క్రేన్ డ్రైవర్ కేకేశాడు. లింబాద్రి కొత్త కంపెనీ పేరులోని చివరి అక్షరం వెనక మార్కరుతో 'షరీఫ్' అని రాశాడు. పక్కన ఇంకో పేరుకు చోటు వదిలి, బోల్టులు బిగించాడు.