‘అడగలేదు’కీ ‘లేదు’కీ మధ్య

రెండేళ్ల క్రితం నేను హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో పని చేసేదాన్ని. రోగుల ఇళ్లకు వెళ్లి ఇంజెక్షన్లు ఇచ్చే, కట్లు మార్చే నర్సుల కోసం మేము ఒక యాప్ నడిపేవాళ్లం. నర్సు గుమ్మం ముందు నిలబడి ఫోన్ తెరిస్తే రోగి పేరు, వయసు, డాక్టర్ రాసిన మందు, ఒంటికి పడని మందులు అన్నీ కనిపించాలి. ఆ వివరాలను సర్వర్ నుంచి పంపడం నా పని. వాటిని అందుకుని ఫోన్‌లో చూపించడం నా పక్క సీటాయన పని. ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద, గోపన్‌పల్లిలోనే పుట్టి పెరిగినవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు.

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు ఆఫీసు ఫోన్ నా బల్ల మీదికి వచ్చింది. అవతల ఒక నర్సు. ఒంగోలు వైపు మాట. మా యాప్ వాడేవాళ్లలో అందరికంటే సీనియర్ ఆవిడే, అందరూ సిస్టర్ గారనే అనేవాళ్లు.

“అమ్మా, ఈ యాప్ పని చూసేది మీరేనా అండి? గోపన్‌పల్లిలో ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాను. పడని మందులు అన్న చోట ‘ఏమీ లేవు’ అని ఉంది. అడిగితే, ఈవిడకి పెన్సిలిన్ పడదంట. ఎప్పుడో హాస్పిటల్లో చేస్తే మొహమంతా వాచిపోయి ఊపిరాడలేదంట. ఇవాళ నేను ఇవ్వాల్సింది ఆ జాతి మందేనండి. ‘ఏమీ లేవు’ అని ఎవరు రాశారు?”

“ఇంజెక్షన్ ఇచ్చేశారా సిస్టర్?”

“ఇవ్వలేదండి. అడక్కుండా నేనెవరికీ సూది పెట్టను. డాక్టరు గారికి ఫోన్ చేశాను, వేరే మందు రాస్తున్నారు. మీరు మాత్రం ఇది ఎవరు రాశారో చూసి చెప్పండి.”

ఫోన్ పెట్టేసి ఆ పెద్దావిడ వివరాలు తీశాను. సర్వర్‌లో ‘ఏమీ లేవు’ అని ఎవరూ రాయలేదు. ఆ గడిలో అసలేమీ లేదు. ఆవిడను చేర్చుకున్నప్పుడు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, అంతే.

మా దగ్గర ఆ గడి మూడు రకాలుగా ఉండేది. అడిగి, పడని మందుల పేర్లు రాసుకుంటే ఒక జాబితా. అడిగితే ఏవీ లేవంటే ఖాళీ జాబితా. అసలు అడగకపోతే జాబితా కూడా ఉండదు, దాన్ని మేము ‘నల్’ అంటాం. పెట్టెను తెరిచి చూసి ఖాళీగా ఉందని చెప్పడం వేరు, పెట్టెనే తెరవకపోవడం వేరు. ఆ తేడా నాకు తెలియనిది కాదు. కొత్తగా చేరినవాళ్లకు బోర్డు మీద గీసి మరీ చెప్పేదాన్ని.

కానీ పదకొండు రోజుల కిందట నేనే ఒక మార్పు చేశాను. సిగ్నల్ సరిగా లేని చోట యాప్ తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోందని నర్సులు ఫిర్యాదు చేస్తుంటే, పంపే వివరాలను తేలిక చేద్దామనుకున్నాను. విలువ లేని గడులను పంపనే వద్దని సర్వర్‌కు చెప్పే ఒక్క లైను రాశాను. యాప్ చురుగ్గా తెరుచుకుంది. అందరూ మెచ్చుకున్నారు. నేను పరీక్ష కోసం సృష్టించుకున్న రోగులందరికీ అన్ని గడులూ నింపి ఉన్నాయి కాబట్టి నా పరీక్షల్లో ఏ తేడా కనిపించలేదు.

కుర్చీ పక్కకు జరిపి అడిగాను. “అన్నా, పడని మందుల గడి సర్వర్ నుంచి అసలు రాకపోతే మీ యాప్ ఏం చేస్తుంది?”

“రాకపోవుడేంది? ఎప్పుడూ వస్తది కదా.”

“రాలేదనుకో.”

ఆయన కోడ్ తెరిచి చూశాడు. చూస్తూ చూస్తూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “రాకపోతే ఖాళీ జాబితా అనుకొమ్మని రాసిన. యాప్ మధ్యల ఆగిపోవద్దని. నల్ వస్తే ‘నమోదు కాలేదు’ అని చూపిస్తది. ఖాళీ జాబితా అయితే...” ఆగాడు. “‘ఏమీ లేవు’ అంటది.”

తప్పు సగం ఆయన వైపు నెట్టవచ్చన్న ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. కానీ ఆయన కోడ్ రెండేళ్లుగా అలాగే ఉంది. దాని కాళ్ల కింద నేల లాగింది నేను. లేచి మేనేజర్ బల్ల దగ్గరికి వెళ్లి, “ఆ లైను నాది సార్” అని మొదలుపెట్టి అంతా చెప్పేశాను.

ఆయన నన్ను తిట్టలేదు. “లైను వెనక్కి తీసేయండి. ఈ పదకొండు రోజుల్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో చూడండి. మిగతావన్నీ తర్వాత” అన్నాడు.

లైను తీసేసి, ఆ మార్పు సర్వర్‌కు ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అన్న తన ఫోన్‌లో తెరిచి, “నమోదు కాలేదు అని వస్తది చెల్లె” అన్నాడు. ఆ తర్వాతిదే కష్టం. గడి నల్‌గా ఉండి, ఆ రోజుల్లో మందు తీసుకున్నవాళ్ల జాబితా తీశాను. ముప్పై ఏడు మంది. వాళ్ల దగ్గరికి వెళ్లిన నర్సులు ఐదుగురు, సిస్టర్ గారితో కలిపి.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. తప్పు మాదేనని ముందే చెప్పి, ఆ రోగులెవరికైనా మందు పడక ఇబ్బంది వచ్చిందా అని అడిగాను. సిస్టర్ గారి రోగులంతా బాగానే ఉన్నారు. ఇంకో ముగ్గురు తమ జాబితాలు చూసుకుని అందరూ కులాసాగా ఉన్నారన్నారు. ఐదో ఆవిడ ఫోన్ ఎత్తలేదు. ఆవిడ బాచుపల్లి వైపు ఇళ్లు చూసుకునేది. ముప్పై ఏడు మందిలో తొమ్మిది మంది ఆవిడ రోగులే.

మధ్యాహ్నం భోజనానికి లేవలేకపోయాను. అన్న తన డబ్బాలోంచి రెండు చపాతీలు నా ముందు పెట్టి, “ఫికర్ చెయ్యకు. ఏమన్న అయ్యుంటే ఇప్పటికే మనకు ఫోన్ వచ్చేది” అన్నాడు. ఆ మాట నిజమే. అయినా ముద్ద దిగలేదు. ఆ తొమ్మిది పేర్లు చూస్తూ కూర్చున్నాను. ఒకరికి ఎనభై రెండేళ్లు. ఇంకొకరు పసిబిడ్డ తల్లి.

నాలుగు దాటాక ఆవిడే తిరిగి చేసింది. “ఇన్ని సార్లు చేసినవ్, ఏమైంది మేడం? ఫోన్ సంచిల పడింది, సూసుకోలే.”

నేను సంగతంతా చెప్పాను. ఆవిడ ఓపికగా విని నవ్వింది. “అయ్యో, దానికా ఇంత పరేషాన్? ఆ డబ్బా నేనెన్నడు సూడ. ముందు సంది గండ్ల ‘నమోదు కాలేదు’ అనే ఉంటది కదా. నేనే అడిగి నా నోట్‌బుక్కుల రాసుకుంట. ఉండు, సదువుత.”

పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తొమ్మిది పేర్లూ చదివింది. ఎనిమిది మందికి ఏమీ లేవు. ఎనభై రెండేళ్ల ఆయనకు సల్ఫా మందు పడదని రాసుకుంది, డాక్టర్‌కు కూడా చెప్పింది. “అందరు మంచిగున్నరు. పొద్దుగాల్నే ఇద్దర్ని సూసొచ్చిన” అంది.

ఫోన్ పెట్టేసి అన్న వైపు తిరిగాను. తల ఊపాను. ఆయన పెద్దగా ఊపిరి వదిలి రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మేనేజర్ తన బల్ల దగ్గరి నుంచి చూసి, ఏమీ అడగకుండా బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆ ఏడుపులోనే ఇంకో సంగతి తలకెక్కింది. రోగులు చెప్పిన జవాబులు నర్సుల నోట్‌బుక్కుల్లో ఉన్నాయి, మా దగ్గర లేవు. ఎందుకంటే ఇంటి దగ్గర అడిగినది ఎక్కించడానికి మా యాప్‌లో దారే పెట్టలేదు. మరుసటి రోజంతా నేనూ అన్నా కూర్చుని అది చేశాం. అడగకపోతే తెర మీద ఎర్రగా ‘ఇంకా అడగలేదు’ అని వస్తుంది. కింద రెండు బటన్లు: ‘అడిగాను, ఏమీ లేవు’, ‘అడిగాను, ఉన్నాయి’. గడి సర్వర్ నుంచి అసలు రాకపోతే యాప్ ఏదీ ఊహించుకోదు, వివరం అందలేదని చెబుతుంది. ఈసారి నా పరీక్షల్లో సగం మంది రోగులను ఏమీ అడగని వాళ్లుగానే పెట్టాను.

గురువారం అన్న బండి మీద గోపన్‌పల్లి వెళ్లాం. సిస్టర్ గారు ఆ పెద్దావిడ మంచం పక్కన కట్టు మారుస్తున్నారు. మార్చడం అయ్యాక కళ్లు మూసుకుని రెండు క్షణాలు ప్రార్థన చేసి, ఫోన్ తీసి పెన్సిలిన్ అని ఎక్కించారు. పెద్దావిడ నన్ను చూసి, “ఏం రాసిండ్రు బిడ్డా నా పేరు మీద?” అని అడిగింది. నేను చదివి వినిపించాను.

“గిది ఆనాడే అడిగితే చెప్పకపోదునా? ఒక్కలన్న అడగలే” అంది. అందులో కోపం లేదు. కోడలిని పిలిచి మాకు చాయ్ పెట్టమంది.

“తప్పు నాదేనమ్మా” అన్నాను.

“నాకైతే ఏం కాలే కదా. కూసో, చాయ్ తాగి పో.”

ఆ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మూసాపేటలో దిగాల్సినదాన్ని నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి మియాపూర్, చివరి స్టేషన్. బోగీలో ఎవరూ లేరు. మామూలుగా అయితే నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఆ రోజు నింపాదిగా అవతలి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి, వెనక్కి వెళ్లే రైలు కోసం నిలబడ్డాను. మంగళవారం తర్వాత మొదటిసారి బాగా ఆకలేసింది.